టర్న్‌లో ఆఠీన్ ఫ్లష్ డ్రా: కాల్, ఫోల్డ్, ఆల్‌ఇన్‌లలో దేనికి ఈవీ ఎక్కువ?

#1 బురుజు_నీడ (కర్నూలు)

టెక్సాస్ హోల్డెమ్ పోకర్, చింతగింజలతో ఆట. చేతిలో తలా రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి మొదట మూడు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివర ఒకటి (రివర్). టర్న్‌కు వచ్చేసరికి ఇద్దరే మిగిలినారు. చేతిలో ఆఠీన్ ఆసు, ఆఠీన్ పది. బల్ల మీద ఆఠీన్ రాజు, ఆఠీన్ ఏడు, ఇస్పేట్ నాలుగు, కళావర్ రెండు. ఐదు ముక్కలూ ఒకే గుర్తువైతే ఫ్లష్, ఇట్ల ఒకటి తక్కువైతే ఫ్లష్ డ్రా. నడుమ కుప్పలో 120 గింజలు. ఎదుటాయన 60 వేసినాడు. నేనూ 60 వేస్తే కాల్, చేతిని పడేస్తే ఫోల్డ్, ఉన్నదంతా తోస్తే ఆల్‌ఇన్. వేయకముందు ఇద్దరి దగ్గరా తలా 300 ఉన్నాయి.

బల్ల చుట్టూ రెండు మాటలు వినిపిస్తాయి. "ఆసు ఉన్న ఫ్లష్ డ్రా ఎప్పుడూ వదలకూడదు" అని ఒకటి. "కావాల్సింది 25 శాతం, ఉండేది 20 లోపే, పడేయ్" అని ఇంకొకటి. రెండో మాటలో లెక్క కనపడతాంది గానీ అంతటితో అయిపోయిందా అని అనుమానం. ఈవీ (సగటున ఒక్కసారికి వచ్చే లాభమో నష్టమో) సరిగ్గా ఎట్ల వేయాల, ఎందాక వేయాల?

#2 వేదిక నిర్వహణ

లెక్క మొదలయ్యే ముందే ఒక మాట. ఇక్కడ గింజలు, పాయింట్ల వరకే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 సెప్టెంబరులోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ డబ్బాటలను ఆపేసింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం దేశమంతటా వాటిని నిషేధించింది. యాప్ పేర్లు, లింకులు, రూపాయల పందేలు రాస్తే పోస్టు తీసేస్తాం.

#3 పెన్నా_ఒడ్డు (కడప)

ముందు రెండో ఆయన లెక్కే పూర్తిగా వేద్దాం. చాలామంది సగంలో ఆపేస్తారు.

కాల్ చేస్తే మీరు పెట్టేది 60. గెలిస్తే వచ్చేది కుప్పలోని 120, ఆయన వేసిన 60, మొత్తం 180. మీ 60 కూడా కలిస్తే చివరి కుప్ప 240. కనీసం కావాల్సిన గెలుపు శాతం 60ని 240తో భాగిస్తే 25.

మీరు చూసిన ముక్కలు ఆరు. చూడనివి 46. ఆఠీన్లు పదమూడిట్లో నాలుగు కనపడినాయి, మిగిలినవి 9. 9/46 అంటే 19.6 శాతం.

ఈవీ = (9/46 × 180) − (37/46 × 60) = 35.2 − 48.3 = −13 గింజలు.

ఇది రివర్‌లో ఇంక ఒక్క గింజ కూడా కదలదు, ఆఠీన్ పడితే ఖచ్చితంగా గెలుస్తారు, పడకపోతే ఖచ్చితంగా ఓడతారు అన్న మూడు షరతుల మీద నిలబడిన అంకె. మూడూ నిజం కావు. అందుకే −13 దగ్గర ఆగకూడదు. అట్లని దాన్ని వేయకుండా ముందుకు పోనూ కూడదు. ఎంత లోటు పూడ్చాలో చెప్పేది అదే.

#4 తొలకరి_వజ్రం (తుగ్గలి)

అన్నా, 9 అవుట్లకు (మనల్ని గెలిపించే ముక్కలకు) నాలుగుతో గుణిస్తే 36 వస్తుంది గదా? 25 కన్నా ఎక్కువే. మరి కాల్ లాభం కాదా?

#5 పెన్నా_ఒడ్డు (కడప)

నాలుగుతో గుణించేది ఫ్లాప్‌లో, ఇంకా రెండు ముక్కలు రావాల్సి ఉన్నప్పుడు. అది కూడా ఆల్‌ఇన్ అయిపోయి, మధ్యలో ఇంకెవరూ పందెం వేయలేరు అన్నప్పుడే. ఇక్కడ రావాల్సింది ఒకటే ముక్క, కాబట్టి రెండుతో గుణించాల. 18 వస్తుంది, అసలుది 19.6.

ఫ్లాప్‌లో 9 అవుట్లకు అసలు అంకె 35.0 శాతం. 15 అవుట్లకు నాలుగుతో గుణిస్తే 60 అంటుంది, అసలుది 54.1. ఎనిమిది దాటినాక ఎన్ని అవుట్లు ఎక్కువుంటే అన్ని శాతాలు తీసేస్తే దగ్గరికి వస్తుంది: 60లో ఏడు తీస్తే 53. ఫ్లాప్‌లో 36 శాతం అనుకుని కాల్ చేసి, టర్న్‌లో ఇంకో పందేనికి పడేస్తే మీరు చూసింది ఒకే ముక్క. రెండు ముక్కలకు ధర కట్టి ఒకటి చూసినట్టు. ఫ్లష్ డ్రాల మీద గింజలు కరిగేది ఎక్కువగా ఇక్కడే.

#6 గండికోట_గణితం (జమ్మలమడుగు)

పెన్నా అన్న లెక్క సరైందే, కానీ అందులో ఎదుటాయన చేతి గురించి ఒక్క మాట లేదు. ఈవీ అంటే ఆయన దగ్గర ఉండగల ప్రతి చేతికీ మన గెలుపు ఎంతో వేసి, ఆ చేతులు ఎన్ని రకాలుగా రావచ్చో దాన్నిబట్టి తూకం వేసి కలపడం. కాంబినేషన్లు ఎంచితే పని సులువవుతుంది.

ఆయన 60 వేసే చేతులు ఇవి అనుకుందాం.

రాజు-రాణి: రాజులు 3 మిగిలినాయి, రాణులు 4. మొత్తం 12 కాంబినేషన్లు.
ఆసు-రాజు: ఆసులు 3, రాజులు 3. మొత్తం 9.
7-7, 4-4, 2-2, అంటే బల్ల మీది ముక్కతో కలిసి ట్రిప్స్ (ఒకటే అంకెవి మూడు) అయిన జతలు: ఒక్కోటి 3. మొత్తం 9.
చిన్న ఆఠీన్ డ్రాలు: రాణి-జాకీ, జాకీ-తొమ్మిది, తొమ్మిది-ఎనిమిది. మొత్తం 3.

కలిపి 33. ఆయన రెండు ముక్కలు తెలిసినాయి అనుకుంటే రివర్‌లో రాగలిగేవి 44. అందులో మనల్ని గెలిపించేవి ఎన్నో చూడండి.

రాజు-రాణి మీద ఆఠీన్లు 9, ఆసులు 3, మొత్తం 12. ఆయన రాణి ఆఠీన్ అయితే (3 కాంబినేషన్లు) ఒక ఆఠీన్ తగ్గి 11. సగటు 11.75.
ఆసు-రాజు మీద 9 మాత్రమే. ఆసు పడితే ఆయనకు రెండు జతలు అవుతాయి, మనకు పనికిరాదు.
ట్రిప్స్ మీద 7. తొమ్మిది అనుకుంటారు, కానీ ఆఠీన్ నాలుగు గానీ ఆఠీన్ రెండు గానీ పడితే బల్ల మీద జత కుదిరి ఆయనకు ఫుల్‌హౌస్ (ఒకటే అంకెవి మూడు, ఇంకో జత) గానీ, నాలుగూ ఒకటే అంకెవి గానీ వస్తాయి, రెండూ ఫ్లష్ కన్నా పెద్దవే. మనకు ఫ్లష్ వచ్చీ ఓడిపోయే ముక్కలు అవి. ఆయన దగ్గరే ఆఠీన్ నాలుగో రెండో ఉన్నా లెక్క ఏడుకే వస్తుంది.
చిన్న డ్రాల మీద మనమే ముందున్నాం. ఆసుతో గెలుస్తున్నాం, ఆఠీన్ పడినా మన ఫ్లష్ పెద్దది. ఆయనకు జత కుదిర్చే 6 ముక్కలు తప్ప మిగతా 38 మనవే.

12 × 11.75 = 141. 9 × 9 = 81. 9 × 7 = 63. 3 × 38 = 114. మొత్తం 399. దాన్ని 33తో, తర్వాత 44తో భాగిస్తే 27.5 శాతం.

ఈవీ = 0.275 × 240 − 60 = +6 గింజలు.

ఇప్పుడు ఆ మూడు డ్రాలను తీసేయండి. 285ని 30తో, 44తో భాగిస్తే 21.6 శాతం, ఈవీ −8.2. ముప్పై మూడింట్లో మూడు కాంబినేషన్లు ఉంటే కాల్, లేకపోతే ఫోల్డ్. సరిసమానం కావడానికి ఎన్ని డ్రాలు చాలో చూస్తే రెండు చాలు, 25.6 శాతం వస్తుంది. కాబట్టి బురుజు గారు అడగాల్సిన ప్రశ్న "ఫ్లష్ డ్రా వదలాలా వద్దా" కాదు. "ఈ మనిషి జత లేకుండా టర్న్‌లో రెండోసారి 60 వేస్తాడా" అన్నది.

#7 శనక్కాయ_చెట్టు (ధర్మవరం)

అక్కా, ఆసు-రాజు తొమ్మిదీ అట్లే ఉంచడం నాకు ఒప్పుదల కాలేదు. శానామంది ఆసు-రాజుతో ఫ్లాప్‌కు ముందే తిరిగి పెంచుతారు. అట్ల పెంచకుండా ఇక్కడిదాకా వచ్చినాడంటే మూడింట ఒక వంతు ఉంచినా ఎక్కువే. 9కి బదులు 3 పెట్టి చూడండి.

#8 గండికోట_గణితం (జమ్మలమడుగు)

పెట్టినా. 345ని 27తో, 44తో భాగిస్తే 29 శాతం, ఈవీ +9.7. డ్రాలు లేకుండా అయితే 21.9 శాతం, −7.5.

ఇది గమనించండి. ఆసు-రాజును మూడో వంతుకు తగ్గిస్తే ఈవీ మూడు నాలుగు గింజలు మాత్రమే కదిలింది. డ్రాలు మూడు తీసేస్తే పద్నాలుగు నుంచి పదిహేడు గింజలు కదిలింది. అన్ని ఊహలకూ ఒకే బరువు ఉండదు. బల్ల దగ్గర ఉండే టైములో ఏ ఊహ అంకెను ఎక్కువ కదిలిస్తుందో దాని మీదే బుర్ర పెట్టాల. మీ అభ్యంతరం సబబే, కానీ పోల్చడం సులువని కింది లెక్కలకు 9నే ఉంచుతా.

#9 బళ్ళారి_రోడ్డు (అనంతపురం)

అప్పటికే కుప్పలో వేసిన గింజల సంగతి ఎవరూ ఎత్తలేదు. 120లో దాదాపు సగం బురుజు గారివే గదా. ఫోల్డ్ చేస్తే అవి పోయినట్టే, మరి ఫోల్డ్ ఈవీ సున్నా ఎట్ల అయితాది?

#10 పెన్నా_ఒడ్డు (కడప)

వేసినవి ఎవరివీ కావు, కుప్పవి. ఇప్పుడు నిలబడిన చోటి నుంచి లెక్క. ఫోల్డ్ చేస్తే చేతిలో 300 ఉంటాయి, కాబట్టి ఈ చోటును సున్నా అంటాం. ఎక్కడ సున్నా పెట్టినా తప్పు లేదు, మూడు దారులకూ ఒకటే సున్నా ఉంటే చాలు. ఫోల్డ్‌ను ఆట మొదటి నుంచి కొలిచి, కాల్‌ను ఇక్కడి నుంచి కొలిస్తేనే లెక్క చెడేది.

ఈ గణితం పుట్టిందే ఆ ప్రశ్నలో నుంచి. మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెం ఎట్ల పంచాల అన్నదాని మీద 1654లో పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకున్నారు. ఇద్దరూ తేల్చింది ఒకటే: ఇప్పటిదాకా ఎవరు ఎన్ని గెలిచినారని కాదు, ఇక్కడి నుంచి ఆట సాగితే ఎవరికి ఎన్ని దారులున్నాయో ఎంచి పంచాల. 1657లో హైగెన్స్ దాన్ని పుస్తకంగా అచ్చు వేయించినాడు.

మన రమ్మీతో పోలిస్తే ఇంకా బాగా తెలుస్తుంది. పదమూడు ముక్కల రమ్మీలో మొదటి డ్రాప్ 20 పాయింట్లు, మధ్యలో డ్రాప్ 40, ఫుల్‌కౌంట్ 80. అక్కడ పడేయడం సున్నా కాదు, −20. ఇద్దరి ఆటలో షో చేస్తే సగటున 30 వస్తాయి, ఓడితే సగటున 40 పోతాయి అనుకుంటే, గెలుపు అవకాశం 'గె' అయినప్పుడు 30గె − 40(1 − గె) అనేది −20 కన్నా పెద్దదై ఉండాల. గె 28.6 శాతం దాటితే ఆడాల. ప్యూర్ సీక్వెన్స్ లేదు, జోకర్ లేదు, విడి ముక్కలన్నీ బొమ్మలే అంటే ఓడినప్పుడు పోయేది 40 కాదు, 60. అప్పుడు కావాల్సింది 44 శాతం. ఆట ఈవీ −15 అయినా డ్రాప్ కన్నా మేలే. మైనస్ కనపడగానే తప్పు అనుకోకూడదు, పక్క దారితో పోల్చాల.

#11 బురుజు_నీడ (కర్నూలు)

అర్థమయింది. మరి ఆల్‌ఇన్ సంగతి? 300 మొత్తం తోసేస్తే?

#12 గండికోట_గణితం (జమ్మలమడుగు)

దానికి రెండు భాగాలు. ఆయన పడేస్తే 180 మనకు. కాల్ చేస్తే చివరి కుప్ప 120 + 300 + 300 = 720, అందులో మనం పెట్టింది 300.

మొదట ఇట్ల అనుకుందాం: రాజు-రాణి, చిన్న డ్రాలు పడేస్తాడు (15 కాంబినేషన్లు), ఆసు-రాజు, ట్రిప్స్ కాల్ చేస్తాడు (18). కాల్ చేసిన చేతుల మీద మన గెలుపు 144/18 = 8, అంటే 44లో 8, 18.2 శాతం. 0.182 × 720 − 300 = −169.

ఈవీ = (15/33 × 180) − (18/33 × 169) = 81.8 − 92.2 = −10.4.

కాల్ కన్నా అధ్వానం. కానీ ఆసు-రాజులో సగం, నాలుగున్నర కాంబినేషన్లు పడేస్తాడు అనుకోండి. అప్పుడు ఈవీ +35. కాల్‌కు ఆరు రెట్లు. అంత ఊగిసలాట ఎందుకంటే, పడేసిన ప్రతి కాంబినేషన్ మనకు రెండు వైపులా కలిసొస్తుంది: 180 వస్తుంది, 150 చిల్లర పోవడం తప్పుతుంది.

చాలామంది చేసే తప్పు, ఆల్‌ఇన్ లెక్కలో గెలుపు శాతానికి 27.5 వాడడం. అది ఆయన చేతులన్నిటి మీద సగటు. కాల్ చేసేవి వాటిలో గట్టి చేతులు, వాటి మీద మనకుండేది 18. 27.5 పెట్టి వేస్తే ఈవీ +26 అని వస్తుంది. మైనస్ 10ని ప్లస్ 26 చేసే తప్పు ఇది.

#13 తొలకరి_వజ్రం (తుగ్గలి)

ఇదే బల్ల మీద ఫ్లష్ డ్రా కాల్ చేసి ఆఠీన్ కొట్టి మూడు వందలు లాగినోళ్లు ఉన్నారు. అది చూసినాక మైనస్ అంటే నమ్మబుద్ధి కాదు.

#14 శనక్కాయ_చెట్టు (ధర్మవరం)

మీ ఊరి లెక్కే చెప్తా. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లోకి, ఇటు వజ్రకరూరు వైపు, జనం వజ్రాల కోసం వస్తారు. దొరికినోడి పేరు మరుసటి రోజు అందరి నోట్లో ఉంటుంది. దొరకనోళ్లు ఎంతమందో ఎవరూ ఎంచరు. ఈవీకి కావాల్సింది ఆ రెండో అంకె. ఉదాహరణకు అంకెలు పెడితే: వెయ్యి మంది పది రోజులు వెతికితే పదివేల కూలి రోజులు. రోజు కూలి 500 అనుకుంటే 50 లక్షల శ్రమ. అందరికీ కలిపి దొరికినవి 20 లక్షలు చేస్తే ఒక్కో రోజుకు మైనస్ 300. ఒకడికి ఒకేసారి పది లక్షలు వచ్చినంత మాత్రాన ఆ మైనస్ మారదు.

పేకలోనూ అంతే. ఫ్లష్ కొట్టిన చెయ్యి గుర్తుంటుంది, 60 పెట్టి ఊరికే పడేసిన నాలుగు చేతులు గుర్తుండవు.

ఇంక రెండో వైపు. గండికోట అక్క చెప్పిన +6 నిజమే అనుకుందాం. ఆ కాల్‌లో ఒక్కసారికి ఫలితం +180 గానీ −60 గానీ. ఊగిసలాట, ప్రామాణిక విచలనం అంటాం చూడండి, 107 గింజలు. నూరు సార్లు ఇదే కాల్ చేస్తే సగటున +595 రావాల, కానీ విచలనం 1071. అంటే నూరు సార్లు సరైన పని చేసినాక కూడా మొత్తం మీద నష్టంలో ఉండే అవకాశం దాదాపు 29 శాతం. 400 సార్లకు 13, వెయ్యి సార్లకు 4 శాతానికి దిగుతుంది. ఒక రాత్రి ఫలితం చూసి కాల్ మంచిదో చెడ్డదో చెప్పలేం.

మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన అని చదువుకుంటాం. ఆ సగటు నిజమే. శనక్కాయకు ఊడలు దిగేటప్పుడు ఇరవై రోజులు చినుకు లేకపోతే ఆ సగటు చెట్టును కాపాడదు. ఈవీ ప్లస్ అయినంత మాత్రాన ఉన్నదంతా ఒక్క చేతి మీద పెట్టమని కాదు. ప్లస్ ఈవీ కూడబెట్టాలంటే వెయ్యోసారి దాకా బల్ల దగ్గర ఉండాల.

#15 బళ్ళారి_రోడ్డు (అనంతపురం)

టోర్నమెంట్‌లో కూడా గింజల ఈవీ చూసుకుంటే సరిపోతాదా?

#16 పెన్నా_ఒడ్డు (కడప)

సరిపోదు. స్పష్టంగా తెలిసే ఉదాహరణ ఒకటి. నలుగురు మిగిలినారు, ముగ్గురికి సమాన బహుమతి, నాలుగోవాడికి ఏమీ లేదు. నలుగురి దగ్గరా వెయ్యేసి గింజలు. ఒక్కొక్కరి వాటా ఇప్పుడు ఒక బహుమతిలో 75 శాతం. ఒకాయన ఆల్‌ఇన్ అన్నాడు, మీరు కాల్ చేస్తే గెలిచినప్పుడు వాటా 100, ఓడితే సున్నా. కాబట్టి కాల్‌కు కావాల్సింది 75 శాతం గెలుపు. గింజల లెక్కలో 50 చాలు అంటుంది. జాకీల జతతో ఆసు-రాజు మీద 57 శాతం దరిదాపు ఉంటుంది. గింజల్లో లాభం, బహుమతిలో భారీ నష్టం. కచ్చితంగా పడేయాల. రెండింతలైన గింజలు రెండింతల విలువ తేవు, అదే కారణం.

#17 శనక్కాయ_చెట్టు (ధర్మవరం)

బల్ల దగ్గర ఇంత లెక్క వేయలేం కాబట్టి ఈ అంకెలు నోటికి రావాల.

కుప్పలో మూడో వంతు పందెం: కాల్‌కు 20 శాతం కావాల. సగం: 25. మూడింట రెండు: 28.6. కుప్పంత: 33.3. కుప్పకు రెండింతలు: 40.

మనం బ్లఫ్ (చేతిలో ఏమీ లేకుండా బెదిరించే పందెం) వేస్తే, పట్టుబడినప్పుడు గెలుపే లేదు అనుకుంటే, అవే పందేలకు ఆయన పడేయాల్సింది వరుసగా 25, 33.3, 40, 50, 66.7 శాతం.

రెండు వరుసలు కలిపేసుకోవడం మామూలుగా జరిగే తప్పు. కాల్‌లో మన పందెం కూడా కుప్పలో కలిపి భాగిస్తాం. బ్లఫ్‌లో మన పందేన్ని, ఉన్న కుప్ప ప్లస్ మన పందెంతో భాగిస్తాం. సగం కుప్ప బ్లఫ్‌కు 25 శాతం ఫోల్డ్ చాలనుకుని వేసేవాళ్లు ప్రతిసారీ కొంచెం కొంచెం పోగొట్టుకుంటారు, తెలియను కూడా తెలియదు.

#18 బురుజు_నీడ (కర్నూలు)

ఇంకొక్కటి. కాల్ చేసినాక రివర్‌లో ఇస్పేట్ మూడు పడింది అనుకోండి. కుప్ప 240. ఆయన 120 వేస్తాడు. చిన్న డ్రాల మీద మనమే గెలుస్తున్నాం అన్నారు గదా, కాల్ చేయాలా?

#19 కోటమిట్ట_లెక్క (కర్నూలు)

వద్దు. సగం కుప్ప పందెం, 25 శాతం కావాల. మనది ఉత్త ఆసు, గెలిచేది ఆ 3 డ్రాల మీద మాత్రమే. రాజు-రాణి చెక్ చేస్తుంది (పందెం వేయదు) అనుకున్నా ఆసు-రాజు, ట్రిప్స్ కలిపి 18. 21లో 3, అంటే 14.3 శాతం. ఈవీ 0.143 × 480 − 120 = −51. ఫోల్డ్.

కానీ ఈ ప్రశ్నతో గండికోట అక్క +6కు చిల్లు పడింది. ఆ లెక్కలో చిన్న డ్రాల మీద 44లో 38 మనవే అన్నారు. అది ముక్కలు తిప్పేదాకా పందెం లేకుండా పోతేనే. ఆఠీన్ పడనప్పుడు ఆయన 120 వేస్తే మనం పడేస్తున్నాం, అంటే గెలవాల్సిన చేతులు వదిలేస్తున్నాం. ఆసు పడినా అంతే: 120 వేసే చేతుల్లో ఆసు-రాజు 6 (ఒక ఆసు బల్ల మీదికి పోయింది కాబట్టి), ట్రిప్స్ 9, డ్రాలు 3. 18లో మూడే మనవి, పడేయాల్సిందే. కాబట్టి డ్రాలు ప్రతిసారీ బ్లఫ్ వేస్తే మనకు మిగిలేవి 7 ఆఠీన్లే, ఎందుకంటే రెండు ఆయన చేతిలో ఉన్నాయి.

#20 గండికోట_గణితం (జమ్మలమడుగు)

ఒప్పుకుంటున్నా, అది నా లెక్కలో తప్పు. మళ్లీ వేస్తున్నా, ఈసారి రివర్ పందేలతో.

డ్రాలు ప్రతిసారీ బ్లఫ్ వేస్తే: 285 + 21 = 306. శాతం 21.1, ఈవీ −9.4.
సగం సార్లు వదిలేస్తే: డ్రాకు సగటున 22.5. మొత్తం 352.5, శాతం 24.3, ఈవీ −1.7.

ఇప్పుడు ఆఠీన్ పడినప్పుడు కలిసొచ్చేవి. చిన్న ఫ్లష్ వచ్చినోడు మిగిలిన 240 పెట్టేస్తాడు అనుకుంటే 3 × 7 × 240ని 1452తో (33 × 44) భాగిస్తే +3.5. మిగతా చేతుల మీద మనం 80 వేస్తే సగం సార్లు కాల్ వస్తుంది అనుకుంటే, ఆఠీన్‌తో గెలిచే జోడీలు 249, ఒక్కోదానికి సగటున 40 గింజలు, +6.9. ఇక ట్రిప్స్‌కు ఫుల్‌హౌస్ కుదిర్చే ఆఠీన్లు, 14 జోడీలు, ఒక్కోదానికి 240 పోతే −2.3.

మొత్తం: ప్రతిసారీ బ్లఫ్ వేసే మనిషి మీద −1.4, సగం సార్లు వదిలేసే మనిషి మీద +6.3.

అంటే కాల్, ఫోల్డ్ మధ్య తేడా కొద్ది గింజలే. వాటి మధ్య తర్కించుకోవడం కన్నా ఆల్‌ఇన్ లెక్క మీద టైము పెట్టడం మేలు.

#21 కోటమిట్ట_లెక్క (కర్నూలు)

సరే, ఆల్‌ఇన్‌ను ఒక్కో కాంబినేషన్‌కు విడగొడితే బల్ల దగ్గర పనికొస్తుంది. మొదలు −10.4. ఆసు-రాజులో ఒక్కో కాంబినేషన్ పడేసే కొద్దీ ఈవీ 10.1 పెరుగుతుంది. తొమ్మిదిలో ఒకటి పడేస్తే సరిసమానం, రెండు పడేస్తే కాల్‌ను దాటేస్తుంది.

ఎదురు దెబ్బ ఎక్కడంటే రాజు-రాణి. పన్నెండూ పడేస్తాయని అనుకున్నాం. అందులో కాల్ చేసిన ఒక్కోదానికి 8.7 తగ్గుతుంది. మూడు కాల్ చేస్తే 26 గింజలు పోయినట్టు.

కాబట్టి బురుజు అన్నా, ఆ మనిషి ఇంతకు ముందు చేతుల్లో రాజుల జత పట్టుకుని ఎవరైనా తిరిగి పెంచినప్పుడు ఏం చేసినాడో గుర్తు తెచ్చుకో. రాణి తోడున్న రాజును వదలని మనిషి అయితే ఆల్‌ఇన్ వద్దు, కాల్‌తో సరిపెట్టు. ఆసు తోడున్నా తొమ్మిదింట రెండు సార్లు పడేసే మనిషి అయితే 300 తోసేయ్.